వెనుకకు మరలు నీరు: వాల్వులకు ఏటేట పరీక్ష ఏల?

మన రైతు బోరు వేయించునపుడు నూరు ప్రశ్నలు వేయును. ఎన్ని అడుగులకు నీరు పడును, ఎన్ని అంగుళముల నీరు వచ్చును, మోటారు ఎంత బలము కలది కావలెను, పైపు ఎన్నియేండ్లు మన్నును అని విచారించిన పిమ్మటనే సొమ్ము చెల్లించును. ఇది మంచి యలవాటే. కాని పైకి వచ్చిన నీరు మరల వెనుకకు పోవునా, పోయినచో దానితోకూడ ఏమేమి పోవును అని అడుగువారు మిక్కిలి అరుదు. ఈ మాసమున మేము సభ్యుల యెదుట నుంచదలచిన విషయ మిదియే.

నీటిని ఒకే దిక్కునకు పోనిచ్చి, మరలి రాకుండ అడ్డు నిలుచు వాల్వు ఒకటి కలదు. అంగళ్లలో దానిని నాన్‌రిటర్న్ వాల్వందురు. బోరు మెకానిక్కులు క్లుప్తముగా ఎన్‌.ఆర్‌.వీ. అందురు. దానిని బిగించుటతో పని ముగిసినదని మనము తలంచుచున్నాము. ముగియలేదు. ఆ వాల్వును ఏటేట ఒకసారి, పని తెలిసిన యన్యునిచేత పరీక్ష చేయింపవలయును. ఆ పరీక్షను ఒక్కొక్కరి యిష్టమునకు విడువక మన సహకార సంఘమే చేపట్టవలయును. ఇది మా నిశ్చితాభిప్రాయము. దీనికి గల కారణములను క్రింద వివరించుచున్నాము.

పూతలపట్టు ప్రాంతమున ఏడాది పొడుగున పారు నది లేదు. పూర్వము చెఱువులును బావులును, నేడు బోర్లును మనకు దిక్కు. మన పొరుగుననున్న కాణిపాకమున ముగ్గురు అన్నదమ్ములు తమ సేద్యపు బావిని లోతు చేయుచుండగా వినాయకస్వామి వెలసెనని స్థలపురాణము. బావినీటిని దైవసన్నిధిగా భావించిన సీమ యిది. అట్టి సీమలో నేడు బోర్లు కొన్ని చోట్ల వేయి అడుగులను దాటిపోయినవి. పైగా మన నేల క్రింద నున్నది గట్టి రాయి. ఇసుక నేలలోవలె నీరు ఇచట మెల్లగా వడగట్టబడి దిగదు. రాతి పగుళ్ల వెంట పోవును. ఒక బోరులో పడిన విషము ఏ పగులు పట్టుకొని ఎవరి బోరును చేరునో పైనుండి చూచి చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. నా పొలపు గట్టు నాకును నా పొరుగువానికిని హద్దు కావచ్చును గాని, గట్టు క్రింది నీటికి ఆ హద్దు లేదు.

ఇక నీరు వెనుకకు ఎట్లు పారునో చూతము. ఇందులో మాయ యేమియు లేదు. మోటారు నడుచునంతసేపు పైపులో ఒత్తిడి యుండును. నీరు ముందుకు పోవును. కరెంటు పోయినతోడనే ఆ ఒత్తిడి తొలగును. బోరు పైపులో నిలిచిన నీరు తన బరువుచేత క్రిందికి జారజూచును. అది జారునపుడు వెనుక ఖాళీ యేర్పడి, దగ్గరనున్న దేనినైనను లోనికి పీల్చుకొనును. గాలి యొత్తిడి నీటిని సుమారు 34 అడుగుల యెత్తువరకు ఎక్కింపగలదని శాస్త్రజ్ఞులు ఎన్నడో తేల్చిరి. అట్టిచో ప్రక్కనున్న తొట్టిలోని మందునీరు రెండు మూడడుగులు ఎక్కి పైపులో పడుట ఎంత పని?

మన పల్లెలలో ఇది మూడు తావుల జరుగవచ్చును.

మొదటిది డ్రిప్పు పొలము. 2003లో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మసేద్య పథకము ప్రారంభమైనది మొదలు మామిడితోటలకును కూరగాయలకును డ్రిప్పు విరివిగా వచ్చినది. ఎరువును నీటితో కలిపి వేరునకే అందించుట అందులోని గొప్ప మేలు. వెంచురి గొట్టపు కొనను ఎరువు బక్కెట్టులో ముంచి మోటారు వేయుదుము. ఆ సమయమున కరెంటు పోయి, వాల్వు సరిగా మూసికొననిచో, బక్కెట్టులోని యెరువు తోటకు పోవుటకు బదులు బోరునకు పోవును. రైతు వచ్చి చూచునప్పటికి బక్కెట్టు ఖాళీగా నుండును. ఎరువు చెట్టునకు అందినదని సంతసించును.

రెండవది మందు పిచికారీ. డ్రమ్ములో మందు పోసి, నీటిగొట్టపు కొనను అడుగువరకు ముంచి నింపుట మన యలవాటు. నురుగు రాకుండుటకును, గొట్టము జారకుండుటకును అట్లు చేయుదురు. నీరు ఆగిన మరుక్షణమున ఆ గొట్టమే డ్రమ్మును పీల్చు గొట్టమగును.

మూడవది యిల్లు. ఊరి ట్యాంకునుండి కుళాయికి నీరు వచ్చునది దినమునకు కొంతసేపు మాత్రమే. కుళాయికి గొట్టము తగిలించి పశువుల కుడితి తొట్టిలో వేసి వేరొక పనికి పోవుదుము. నీరు నిలిచినపుడు, లేక పొరుగింటివారు కుళాయికి మోటారు తగిలించి లాగినపుడు, ఆ కుడితి ఊరి పైపులోనికి చేరును. మరునాటి ఉదయము మొదటి బిందె ఎవరింటికి పోవునో వారి పిల్లలు దానిని త్రాగుదురు.

ఇవన్నియు ఊహలని కొందరు తలంపవచ్చును. లోకమున జరిగిన సంగతులు వేరువిధముగ చెప్పుచున్నవి. 1933లో అమెరికాలోని చికాగో నగరమున ప్రపంచ ప్రదర్శన జరుగుచుండగా, రెండు పెద్ద హోటళ్లలో దిగినవారికి అమీబిక్ జిగట విరేచనములు పట్టుకొనెను. 98 మంది మరణించిరి. మురుగు గొట్టములకును మంచినీటి గొట్టములకును లోపభూయిష్టమైన సంబంధము లుండుటయే కారణమని విచారణలో తేలినది. ఆ హోటళ్లు పేరుమోసినవే. 

1969లో అదే దేశమున వూస్టర్ పట్టణమందలి హోలీక్రాస్ కళాశాల ఫుట్‌బాలు జట్టులో రమారమి 90 మందికి కామెర్లు సోకినవి. ఆ యేటి ఆటలను రెండింటితోనే ముగింపవలసి వచ్చినది. విచారింపగా తెలిసినదేమనగా, ఆటస్థలమునకు నీరు పట్టు కుళాయిలు నేలలో గుంటలయందుండెను. సమీపమున అగ్నిప్రమాదము జరిగి, మంటలార్పుటకు నీటిని విస్తారముగా లాగగా, పైపులలో ఒత్తిడి పడిపోయి, గుంటలలోని మురికినీరు మంచినీటి పైపులోనికి పోయెను. మన పొలమందలి గేటువాల్వు గుంటను, వానకాలమున అందులో నిలుచు నీటిని ఒకసారి తలచుకొన్నచో ఈ కథ పరదేశపుదిగా తోచదు.

మన రాజధానిగా నాడుండిన హైదరాబాదులో, 2009 మే మాసమున భోలక్‌పూరు ప్రాంతపు మంచినీటి గొట్టములలో మురుగు కలిసి పలువురు మరణించిరి. వందలాది జనులు రోగగ్రస్తులైరి. అది వాల్వు చెడుటచే గాక గొట్టములు పాడగుటచే వచ్చిన ఆపద. అయినను సూత్ర మొక్కటియే: ఒత్తిడి లేని గొట్టము తన చుట్టును నున్నదానిని లోనికి రానిచ్చును.

ఎరువు విషము కాదు గదా, అది నీటిలో కలిసిన నేమి అని ఒక ప్రశ్న రావచ్చును. 1945లో అమెరికా దేశపు అయోవా రాష్ట్రమున కోమ్లీ యను వైద్యుడు, బావినీటిలోని నైట్రేటువలన పసిబిడ్డల దేహము నీలివర్ణమగుచున్నదని వెల్లడించెను. ఆ నీటితో పాలపొడి కలిపి త్రాపిన బిడ్డల రక్తము ప్రాణవాయువును మోయజాలక పోవును. మన దేశపు ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములను మించరాదు. ఇప్పుడొక లెక్క వేయుదము. ఒక కిలో యూరియాలో 460 గ్రాముల నత్రజని కలదు. అది యంతయు నైట్రేటుగా మారినచో రెండు కిలోలగును. ఆ రెండు కిలోలు సుమారు 45 వేల లీటర్ల శుద్ధజలమును హద్దువరకు తెచ్చుటకు చాలును. ఒక్క కిలో యెరువు ఇంత పని చేయగా, బక్కెట్టెడు యెరువు మాట చెప్పనేల? పురుగుమందుల సంగతి యంతకన్న భయంకరము.

వాల్వు ఉన్నది గదా యని నిశ్చింతగా నుండరాదా? ఉండరాదు, ఏలయనగా వాల్వు చెడినపుడు చప్పుడు చేయదు. మోటారు చెడినచో నీరు రాదు, ఆ దినమే తెలియును. పైపు పగిలినచో పొలము తడిసి తెలియును. వాల్వు చెడినను నీరు యథాప్రకారము ముందుకు పారుచునే యుండును; పంట పండుచునే యుండును. దాని రెక్క క్రింద చిన్న యిసుకరేణువు చిక్కినను, ఉప్పునీటి సున్నము పొరకట్టినను, రబ్బరు ఎండకు గట్టిపడినను, స్ప్రింగు తుప్పుపట్టినను, అది మూసికొన్నట్లే కనబడి సందు విడుచును. బోరు అడుగున మోటారుతోనున్న వాల్వు చెడినది పైకి కనబడనే కనబడదు. దొంగ వచ్చిన రాత్రి తప్ప కావలివాడు నిద్రించినది తెలియనట్లు, ఆపద వచ్చిన దినము తప్ప వాల్వు చెడినది తెలియదు. అందుచేతనే దానికి పరీక్ష వలయును.

ఇతర దేశములలో దీనిని చట్టముగానే చేసిరి. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రము మనవలె భూగర్భజలముపై నాధారపడిన వ్యవసాయ రాష్ట్రము. సేద్యపు నీటితో రసాయనములు కలిపి పారించు రైతు అనుమతి పొందవలెననియు, నీరు వెనుకకు పోకుండ నాపు పరికరములు తనిఖీ కావలెననియు 1986లో అచట చట్టము చేసిరి. ఆ దేశపు పెక్కు పట్టణములలో ఇండ్లకును కర్మాగారములకును గల యిట్టి పరికరములను ఏటేట అర్హతపత్రము గల పరీక్షకుడు చూచి వ్రాసి యిచ్చును. మన రాష్ట్రమున 2002లో నీరు, భూమి, వృక్షముల చట్టము వచ్చినది. ప్రజలు త్రాగు నీటి బావులకు 250 మీటర్ల లోపల కొత్త బావి త్రవ్వుటను అది నియంత్రించినది. దూరము పాటించుట మంచిదే. కాని గొట్టము ద్వారా నేరుగా రాతిపగులులోనికి మందు దిగుచుండగా పైనున్న దూరము ఎంతవరకు కాపాడగలదు?

పరీక్ష యనగా నేమో సభ్యులు తెలిసికొనుట మంచిది. పరీక్షకుడు మోటారు నడిపి, పైపులలో ఒత్తిడి నిండిన పిమ్మట పొలము వైపు గేటువాల్వు మూసి, మోటారు నాపును. ఎన్‌.ఆర్‌.వీ.కిని బోరునకును నడుమనున్న చిన్న పరీక్ష కుళాయిని విప్పును. కొంత నీరు కారి ఆగినచో వాల్వు మంచిది. ఆగక కారుచుండినచో, పొలము వైపు నీరు వాల్వును దాటి వచ్చుచున్నదని యర్థము. ఒత్తిడి చూపు గేజి ముల్లు దిగిపోవుటనుబట్టియు దీనిని ధ్రువపరచుకొనును. తరువాత వాల్వు విప్పి, రెక్కను, రబ్బరును, స్ప్రింగును చూచి శుభ్రము చేయును. పైపులోనికి గాలి ననుమతించి పీల్పును తప్పించు గాలివాల్వు పనిచేయుచున్నదో లేదో చూచును. ఎరువు గొట్టమునకు ప్రత్యేకముగా చిన్న వాల్వున్నదా, మోటారు ఆగినపుడు ఎరువు పంపు కూడ ఆగునా యని విచారించును. పరీక్ష కుళాయియే లేనిచో మొదట అది బిగింపవలయును.

దీనికి వచ్చు ఆక్షేపణలను మే మెఱుగుదుము. “నా బోరు నాది; దానిలో ఒరులకేమి పని?” అని ఒకటి. బోరు నీదే, కాని పగులులోని నీరు ఊరిది. “నా వాల్వును నేనే చూచుకొందును” అని మరియొకటి. నెలకొకసారి చూచుకొనుట మెచ్చదగినదే. కాని పైరు వాడుచున్న దినములలో, వాల్వు చెడినదని తేలినచో పని యాపవలసివచ్చు రైతు మనస్సు సహజముగ “పరవాలేదు” అనియే తీర్పు చెప్పును. తన వ్యాజ్యెమునకు తానే న్యాయాధిపతి కాగూడదు గదా. మామిడి మండీలో వ్యాపారి తూకమునకు ప్రభుత్వపు ముద్ర లేనిచో మనము ఒప్పుకొందుమా? చెరకు బండి తూచునపుడు “నా కాటా నేనే చూచుకొన్నాను” అని ఫ్యాక్టరీవారు చెప్పినచో ఊరకుందుమా? ఇతరుల తూకమునకు మనము కోరు పరీక్షను మన వాల్వునకు వలదనుట న్యాయము కాదు.

మూడవ ఆక్షేపణ ఖర్చు. ఇది నిజమైన యాక్షేపణ; మామిడి ధర పడిపోయిన యేట నూరు రూపాయలును బరువే. అందుచేతనే దీనిని సంఘము చేపట్టవలెనని మేము చెప్పుచున్నాము. ఒక్క బోరు కొరకు ఒక్క మనిషిని పిలిపించినచో ప్రయాణపు ఖర్చే యెక్కువగును. ఊరిలోని బోర్లన్నిటిని వరుసగా చూచినచో ఒక్కొక్కరికి పడునది స్వల్పము. కొత్త బోరు వేయించుటకు మనము చేయు అప్పుతో పోల్చిన యెడల అది లెక్కకు రాదు. చెడిన బోరును బాగుచేయుట మాత్రము సొమ్ముతో నగునది కాదు.

మనకిది కొత్త పద్ధతియు కాదు. మన చెఱువులకు నీరుగంటి యుండెడివాడు. తూము తెఱచుట, మూయుట, ఎవరి మడికి ఎంత నీరు పోవలెనో చూచుట అతని పని. అతడు ఏ యొక్క రైతు సేవకుడును గాడు, ఊరందరి వాడు. పంట నూర్చినపుడు ప్రతి కళ్లమునుండియు అతనికి ధాన్యము ముట్టెడిది. తన మడికి తానే తూము తెఱచుకొందునని ఏ రైతైనను అనినచో ఊరు సమ్మతించెడిది కాదు. చెఱువు నీరు నేలక్రిందికి దిగినది, తూము వాల్వుగా మారినది. నీరుగంటి మాత్రము లేకపోయెను. ఆ లోపమును సంఘము తీర్పవలయును.

మా సూచనలివి. ఎరువును నీటితో పారించు సభ్యుల బోర్లకును, మందు డ్రమ్ములు నింపు బోర్లకును సంఘము ఒక పట్టీ తయారు చేయవలయును. ఊరికి త్రాగునీరిచ్చు బోరునకు చేరువనున్నవానిని మొదట చూడవలయును. బోరు పని తెలిసిన యువకుల నిద్దరిని ఎన్నుకొని, ఇంజనీర్ల వద్ద ఈ పరీక్షలో తగిన శిక్షణ ఇప్పింపవలయును. పరీక్ష చేయువాడు వాల్వులు అమ్మువాడు కారాదు. అమ్ముకొనువానికి ప్రతి వాల్వును చెడినదిగానే కనబడును. రుసుము చిన్న రైతునకును పెద్ద రైతునకును బోరు నొక్కంటికి ఒకే తీరుగా నిర్ణయింపవలయును. వాల్వు మార్చవలసినవారికి, వారు కోరినచో, సంఘము చిన్నమొత్తపు అప్పుగా దానిని సమకూర్చి పంటపై రాబట్టుకొనవలయును. పరీక్షలో నెగ్గిన వాల్వునకు తేదీ గల రేకుబిళ్ల కట్టవలయును. నెగ్గనిచోట, బాగుచేయువరకు నీరు పారించుకొనవచ్చును గాని ఎరువు, మందు కలుపరాదు. ఎన్ని బోర్లు చూచిరో, ఎన్ని నెగ్గినవో అంకెలను మాత్రము ఏటేట సమావేశమున చదువవలయును. పేర్లు చదివి ఎవరినిగాని చిన్నబుచ్చరాదు. మామిడి కోతలు ముగిసి, చెట్లకు ఎరువు పెట్టు కాలమునకు ముందు ఈ పరీక్ష జరుగుట యుక్తము.

ఆ యేర్పాటు జరుగునంతవరకు పైసా ఖర్చు లేని పనులు కొన్ని కలవు. డ్రమ్ము నింపునపుడు గొట్టపు కొన డ్రమ్ము అంచుకన్న పైన నుండవలెను. ఆ యెడము గొట్టపు వ్యాసమునకు రెండింతలును, ఎట్టి పరిస్థితిలోను అంగుళమునకు తక్కువ కాకుండను ఉండవలెను. గాలిని దాటి నీరు వెనుకకు పోలేదు. అంతకు మించిన వాల్వును ఎవరును కనిపెట్టలేదు. ఇంటి కుళాయి గొట్టమును కుడితి తొట్టిలో ముంచి విడువరాదు. కుళాయికి మోటారు తగిలించి లాగరాదు. ఎరువు పారించునపుడు మనిషి దగ్గర నుండి, కరెంటు పోయిన వెంటనే ఎరువు గొట్టపు వాల్వు మూయవలెను. ఈ మాటలను మగవారికి మాత్రమే చెప్పిన చాలదు. కుళాయి వద్దను పశువుల పాకవద్దను పనిచూచు ఆడవారికిని, పొలములో కూలికి వచ్చువారికిని తెలియజేయవలెను.

సహకారమనగా అప్పు పుచ్చుకొనుటయు, ఎరువుల బస్తాలు పంచుకొనుటయు మాత్రమే కాదు. ఒక్కడు తనకై తాను చేసికొనలేని కాపుదలను అందరును కూడి చేసికొనుట సహకారము. సంఘము ద్వారా తెచ్చుకొన్న యెరువే మన నీటిని చెరుపకుండ చూచు బాధ్యతయు సంఘముపైననే యున్నది. కావున రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టవలసినదిగా పాలకవర్గమును, దానికి వచ్చి తమ యభిప్రాయమును నిర్మొగమాటముగా తెలుపవలసినదిగా సభ్యులను కోరుచున్నాము. మా సూచనలలో లోపములున్నచో సవరింపుడు. ఇంతకన్న తక్కువ ఖర్చుతో జరుగు మార్గమున్నచో చెప్పుడు. వచ్చు మామిడి కోతలు ముగియునప్పటికి మన ఊళ్లలో మొదటి వాల్వు పరీక్ష జరిగి, దానికి తేదీ బిళ్ల కట్టబడవలెనని మా కోరిక.